పగటిపూట చదివిన అడవి

అడవిని కళ్ళారా చూడకముందే నేను మూడు అడవి నవలలు రాశాను. మూడింట్లోనూ పట్టపగలు దివిటీ పట్టుకుని నడవాల్సినంత చీకటి. మొన్న నల్లగొండలో ఒక ఆడపిల్లల కాలేజీకి పిలిస్తే పోయాను. నా మాటలు అయిపోయాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడం, మీది రామన్నపేట దిక్కు గదా. ఆడ రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏముంటయి? గంత అడవి మీకు యాడ దొరికింది?" అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. వాళ్ళ టీచరమ్మ ఆ పిల్లను కళ్ళతోనే కూర్చోబెట్టింది. నేను ఊహాశక్తి అనీ, చిన్నప్పటి చదువు అనీ ఏదో చెప్పి తప్పించుకున్నాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, యాడ దొరికింది? చిట్యాల దాటేదాకా అదే ఆలోచన. ఇంటికొచ్చి అమ్మతో అంటే, "అవ్వను అడుగుదువు, ఉంటే" అంది. అవ్వ పోయి చాలా కాలమైంది. అందుకే నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. మా ఊరికీ చెట్టుకూ చుట్టరికం తక్కువ. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని పెద్దలు ఊరికే అనలేదు. మా వాడ పిల్లలు నిజంగానే ఆముదం చెట్ల కింద ఆడుకుని పెరిగారు. ఎండలు ముదిరేసరికి గుట్ట మీద గడ్డి మాడి బూడిద రంగుకొచ్చేది. అప్పుడు మా నాయిన మందను తోలుకుని డిండి వాగు దాటి నల్లమల దిక్కు పోయేవాడు. పక్క ఊరి ఎల్లయ్య మంద కూడా తోడుగా పోయేది. మృగశిర కార్తెలో మిర్గం వానలు పడి, ఇంటి దగ్గర మళ్ళీ గడ్డి లేచాకనే తిరిగి రావడం. పోయేటప్పుడు భుజాన గొంగడి, చేతిలో కట్టె, సద్దిమూట. వచ్చేటప్పుడు వాటికి తోడు గడ్డం. నాయిన వచ్చిన రోజు ఇల్లంతా తడిసిన ఉన్ని వాసన, గొర్రెపాల వాసన, ఏదో తెలియని ఆకు వాసన. ఆ ఆకు ఏమిటని అడిగితే చెప్పేవాడు కాదు. "అడవి ముచ్చట ఇంట్ల ఎందుకు?" అనేవాడు. మా తాత కూడా అంతేనట. అడవిలో చూసింది ఇంట్లో చెప్పకూడదన్నది మందలతో పోయే మగవాళ్ళ కట్టుబాటు. చెబితే ఆడవాళ్ళు మళ్ళీ పోనివ్వరని కావచ్చు. దానితో ఏమైందంటే, ఏటా సగం సంసారం అడవిలో ఉండే ఇంట్లో అడవి ఎట్లా ఉంటుందో ఒక్క ఆడమనిషికీ తెలియదు.

నేను చెప్పబోయేది తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నల్లా పైపుల కోసం వాడలన్నీ తవ్విపోసి ఉన్నాయి. డిగ్రీ అయిపోయిన నాలాంటి పిల్లలందరి చేతుల్లో ఇటుకంత లావు గైడ్లు. నోటిఫికేషన్ ఇవాళ పడుతుంది, రేపు పడుతుంది అని ఊరూరా ఒకటే మాట. మా అమ్మకు ఆ మాట మీద దేవుడి మీద కంటే ఎక్కువ నమ్మకం. పొద్దున్నే కరువు పనికి పోయి, అటునుంచి అటే చేనికి పోయి పత్తికట్టె ఏరి, చీకటి పడే వేళకు వచ్చేది. వస్తూనే, "ఎంత చదివినవు?" అని అడిగేది. గైడులో ఎక్కడున్నానో వేలు పెట్టి చూపించాలి. అమ్మకు అక్షరం రాదు గానీ నిన్న వేలు పెట్టిన చోటు గుర్తుండేది. నిన్నటి కంటే ఇవాళ గైడు ఎడమ దిక్కు లావెక్కాలి, అంతే ఆమె లెక్క. ఒకసారి గైడు కింద నవల దొరికితే, "గీ దయ్యాల కథలకు సర్కారు నౌకరి ఇస్తదా?" అని దాన్ని తీసుకుపోయి నీళ్ళ పొయ్యి పక్కన పెట్టింది. కాల్చలేదు. కాలుస్తానని నాకు తెలియాలని పెట్టింది.

ఆ నవలలు నాకు మా ఊరి కిరాణం దుకాణంలో దొరికేవి. ఎక్కడో అద్దె పుస్తకాల షాపు మూసేసి మొత్తం తూకానికి అమ్మేస్తే, మా సేటు రెండు సంచులు కొనుక్కొచ్చాడు, పొట్లాలు కట్టడానికి. అన్నీ పాతకాలం జానపద నవలలు. మాంత్రికులు, మాట్లాడే చెట్లు, కీకారణ్యాలు. దుకాణంలో సేటు తల మీద ఒక మేకుకు దారం కట్టి పుస్తకం వేలాడుతుండేది. పల్లీలు అడిగితే ఒక కాగితం, ఎల్లిపాయ అడిగితే ఒక కాగితం. చింపడం ఎప్పుడూ వెనక నుంచే. "సేటూ, ముందటి కాయితాలు చింపరాదూ, ఆఖరు పోతుంది గదా," అని బతిమాలాను. "ముందట అట్ట ఉంటది బిడ్డా. అట్ట పోతే పుస్తకం ఇడిపోతది. ఎనుక నుంచైతే ఒక్కొక్కటి సాఫ్‌గ వస్తది," అన్నాడు. మనిషి మంచివాడే. నేను పాత పేపర్లు తెచ్చిస్తే, బరువుకు బరువు తూచి, మేకుకున్న పుస్తకాన్ని తీసి ఇచ్చేవాడు. అట్లా నేను ఆఖరు లేని నవలలకు అలవాటు పడిపోయాను. రాజకుమారుడు ఎక్కడో ఒకచోట ఆగిపోయేవాడు. నేను నిట్టూర్చి ఇంకో పుస్తకానికి పేపర్లు వెతుక్కునేదాన్ని.

అవ్వకు ఈ సంగతి తెలిసింది ఒక మధ్యాహ్నం. అవ్వ అంటే మా నాయిన తల్లి. పొద్దంతా దొడ్డి గోడ నీడలో కూర్చుని కదురుతో ఉన్ని వడికేది. బొడ్డు సంచిలో ఆకు, వక్క, సున్నం. సాయంత్రం ఒక బుంగ కల్లు తాగితే ఇక దీపం పెట్టిన కాసేపటికే నిద్ర. నేను గైడు మధ్యలో నవల పెట్టి చదువుకుంటుంటే, నా మొహం చూసి పట్టేసింది. "గా మొకం పరీక్ష మొకం గాదు. ఏం పుస్తకమే అది? జర గట్టిగ చదువు, నాకూ ఇనొస్తది," అంది. చదివాను. పొద్దుగూకేదాకా వింది. విన్నాక గానీ ఆమెకు గుర్తు రాలేదు, పగటిపూట కథ చెప్పకూడదని. మా ఇళ్ళల్లో అది గట్టి కట్టడి. పగలు కథ చెబితే, బాట మీద ఉన్న మన మనుషులు దారి తప్పుతారు. అందుకే దీపాలు పెట్టాకే కథలు. అవ్వ కదురు ఆపి కాసేపు ఆలోచించింది. తర్వాత తనకు తానే తీర్పు చెప్పుకుంది. "పెద్దోళ్ళు చెప్పొద్దన్నరు. చదువొద్దని ఎవలన్నరు? గప్పుడు చదివెటోళ్ళే లేకపాయె." దీపాలు పెట్టాక అమ్మ ఇంట్లో ఉంటుంది, నవల తీసే వీలు లేదు. కాబట్టి ఆ తీర్పు నాకూ బాగా నచ్చింది. ఆ ఎండాకాలమంతా మేమిద్దరం అట్లా పట్టపగలు అడవుల్లో తిరిగాం.

అందులో ఒక నవల పేరు 'ఏడు చీకట్ల అడవి'. రచయిత పేరున్న చోట సేటు ఏదో లెక్క రాసుకున్నాడు, కనబడలేదు. ఒక రాజ్యంలో పక్షులన్నీ ఒక పొద్దున కూయడం మానేస్తాయి. వాటి గొంతుల్ని మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు పొరల చీకటి ఉన్న అడవిలో దాచాడు. మణిధరుడనే రాకుమారుడు వాటిని తేవడానికి బయల్దేరతాడు. ఒక్కో చీకటి దాటినప్పుడల్లా అతని వెనక చెట్ల వేళ్ళు లేచి దారి మూసేస్తాయి. అవ్వకు ఈ కథ బాగా పట్టింది. భయం వచ్చిన చోట కదురు ఆగేది, దాటగానే మళ్ళీ తిరిగేది. కథ కంటే ఎక్కువ ఆమె ప్రశ్నలే. "అడవంటే ఎంత పెద్దగుంటదే? మన గుట్ట ఆవల దాకనా?" "ఇంకా పెద్దది అవ్వా." "గా చెట్ల మీద పొద్దు పడదా?" "పడదని రాసిండ్రు." "మరి గొర్లేం తింటయి?" నాకు తెలిస్తేగా! అరవై ఏళ్ళ సంసారంలో ఆమె అడగకుండా దాచుకున్న ప్రశ్నలన్నీ నన్ను అడుగుతున్నదని అప్పుడు నాకు తట్టలేదు. ఇద్దరం కలిసి ఊహించుకునేవాళ్ళం. బోర్లు పడ్డాక ఎవరూ దిగని మా పాత బావి ఉంది. తల వంచి చూస్తే లోపల నల్లగా, చల్లగా, పావురాల రెక్కల చప్పుడు, నాచు వాసన. "అడవి లోపల గిట్లుంటది కావచ్చు," అనేది అవ్వ. పొద్దుగూకాక దొడ్డిలో మిగిలిన ముసలి గొర్రెల కళ్ళు మెరిస్తే, "అడవిల కండ్లు గిట్ల మెరుస్తయి కావచ్చు." గుట్ట మీద రెండు బండల సందులో దూరి మాట్లాడితే మన గొంతు మనకే వేరేగా వినిపిస్తుంది. అదీ అడవిలో కలిపేశాం. మా అడవిలో ఒక్క చెట్టు తప్ప అన్నీ ఉండేవి.

ఆ పుస్తకం ఐదో చీకట్లో ఆగిపోయింది. ఆఖరి పేజీ ఆఖరి వరుసలో, 'మణిధరుడు వెనక్కి తిరిగి చూశాడు. తాను వచ్చిన దారి' అని ఉంది. ఆ తర్వాత చింపిన అంచు. అవ్వ కాసేపు ఎదురుచూసింది. "ఊఁ?" అంది. "ఇంతే ఉంది అవ్వా. మిగతాది పొట్లాలైంది." అవ్వ సేటును నాలుగు తిట్లు తిట్టి, ఉన్ని సర్దుకుని లేచింది. నేను కూడా మామూలుగానే ఇంకో పుస్తకం తెచ్చుకున్నాను.

ఆ ఏడు మిర్గానికి ముందే మొగులైంది. వానలు దంచాయి. మిర్గం నాడు అవ్వ అందరికీ ఇంగువ బెల్లం పెట్టి, నాయిన వంతు ఉండ మోదుగాకులో కట్టి గూట్లో పెట్టింది. రెండు రోజులకు ఎల్లయ్య మంద వచ్చింది. మా మంద రాలేదు. ఎల్లయ్య మా వాకిట్లో నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. "మేం ముందుగల్ల బయల్దేరినం. అన్న మందల ఈనిన గొర్లున్నయి, పిల్లలు నడువయని ఆగిండు. రెండు దినాలల్ల వస్తనన్నడు. గా రాత్రే వాన వడ్డది. వాగొచ్చింది. మేం ఇవతల, తను అవతల." అమ్మ అతనికి నీళ్ళిచ్చింది. అతను పోయాక నాయిన నంబరుకు ఫోన్ చేయమంది. కవరేజ్ ఏరియాలో లేడని ఆడగొంతు చెప్పింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అదే గొంతు. అవ్వ ఫోన్ తీసుకుని ఆ గొంతుతో, "వాడు గీ దిక్కు వస్తే ఇంటికి ఫోన్ జెయ్యుమని చెప్పు తల్లీ," అని బతిమాలింది. నవ్వు రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. రోజులు గడుస్తున్నాయి. అమ్మ కరువు పనికి పోతున్నది, చేనికి పోతున్నది, ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నది. ఎంత చదివానని అడగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం నేను కొత్త పుస్తకం తీసి గొంతు సవరించుకోగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "బంజెయ్యి." "ఏమైంది అవ్వా?" "చదివినా చెప్పినా చెవుల వడేదే గదా. మనమే అతితెలివి జేసినం." నేను అదంతా ఉత్తదని, వాగులు నిండాయి కాబట్టే ఆగాడని చెప్పబోయాను. అవ్వ వినలేదు. "గా పిలగాన్ని నడి అడవిల నిలబెట్టి ఊకున్నవు. వచ్చిన దారి లేదు, పోయే దారి లేదు. ఆడ వాడు గట్ల నిలబడుంటే, మనోడు ఎట్ల వస్తడే? ముందు వాన్ని బయటికి దే," అంది. నాకు అట్లాంటి వాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేకుండా కూడా భయపడొచ్చునని ఆ రోజే తెలిసింది. నడుం కట్టుకుని దుకాణానికి పోయాను. సేటు పాపం సంచులు రెండూ బోర్లించాడు. పప్పు డబ్బాల కింద, తక్కెడ వెనక, అటక మీద అంతా వెతికాడు. "పల్లి పొట్లాలైనయి, మిరపపొడి పొట్లాలైనయి. ఊరంత తిన్నది బిడ్డా నీ కథను," అన్నాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అవ్వకు చెబితే ఆమె ఏమాత్రం తొణకలేదు. "పుస్తకంల లేకుంటే నువ్వు చెప్పు. అంత చదువు చదివితివి. గని పగలొద్దు. దీపం వెట్టినంక చెప్పు. ఇగ దొంగతనం లేదు."

దీపం పెట్టాక అంటే అమ్మ ముందరే. అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతున్నది. అవ్వ ఆ రోజు కల్లు ముట్టలేదు. నేను గోడకు ఆనుకుని, గొంతు చిన్నది చేసుకుని మొదలుపెట్టాను. "మణిధరుడు వెనక్కి తిరిగి చూశాడు. తాను వచ్చిన దారి చెట్ల వేళ్ళతో మూసుకుపోయి ఉంది." అమ్మ చేతుల చప్పుడు ఆగింది. "ఏం కథ గది?" అంది, ఇటు తిరగకుండానే. తిట్లు మొదలవుతాయని నేను మెడ ముడుచుకున్నాను. అవ్వ మాత్రం, "నీ పెనిమిటి ఇంటికొచ్చే కథ. నోరు మూసుకొని ఇను," అంది. ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. అమ్మ మళ్ళీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది. నేను ఆ సాయంత్రం మణిధరుడి చేత కత్తి దూయించి, గబ్బిలాల గుంపుతో కొట్లాడించి, ఐదో చీకటి దాటించాను. పుస్తకంలో మాటలు పుస్తకంలో మాటల్లానే వచ్చాయి. నా మాటలు అట్లా రాలేదు. అయినా అవ్వ ఊఁ కొట్టింది. అమ్మ రొట్టెలు మాత్రం ఆ రోజు ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

మర్నాడు సాయంత్రం నేను ఇంకా మొదలుపెట్టకముందే అమ్మ అడిగింది. "వాడేమన్న తిన్నడా?" "ఎవరు?" "గా రాజు కొడుకు. నిన్నటి సంది కత్తే తిప్పుతుండు. కడుపుల ఏమన్న వడ్డదా?" నేను చదివిన ఏ నవలలోనూ ఎవరూ అన్నం తినలేదు. అవ్వ, అమ్మ కూడబలుక్కుని అతనికి తునికి పండ్లు, మొర్రి పండ్లు పెట్టారు. ఎండాకాలం అంగట్లో అడవి మనుషులు గంపల్లో తెచ్చి అమ్మే పండ్లు అవే కాబట్టి. తర్వాత, "వానకు తడిసిన బట్టలు ఎట్ల ఆరవెట్టుకున్నడు?" అంది అమ్మ. "కాలుకు ముల్లు ఇరిగితే ఎవలు దీస్తరు?" అంది. నేను ఒక్కో ప్రశ్నకూ జవాబు వెతికి ఇచ్చాను. నిప్పు చేసిచ్చాను. ముల్లు తీసే చేతులు గల చెట్టును పుట్టించాను. ఆమె ఎవరి కాలి గురించి అడుగుతున్నదో ముగ్గురికీ తెలుసు. మధ్యలో నీళ్ళు తాగే నెపంతో బయటికి పోయి కళ్ళు తుడుచుకొచ్చాను. నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు నా మొదటి నవల రాయడం అంటే అదే. చీకటి ఎంత ఉందో నేను చెప్పాలి. ఆ చీకట్లో మనిషి ఎట్లా బతకాలో వాళ్ళు చెప్పాలి.

ఏడో చీకటి దగ్గర గొడవొచ్చింది. నేను మాంత్రికుణ్ణి చంపించి, పక్షుల గొంతుల పెట్టె ఇప్పించి, ఒక రాకుమారితో సహా మణిధరుణ్ణి ఏనుగెక్కించి తేవాలని చూస్తున్నాను. అమ్మ అడ్డం వచ్చింది. "వానికి ఇంటికాడ ఎవలున్నరు?" పుస్తకంలో తండ్రి రాజు తప్ప ఎవరూ లేరని చెప్పాను. "తల్లి గూడ లేదా? గంత పెద్ద ఇంట్ల ఆడమనిషే లేదా?" అంటే, సరే అని ఒక రాణిని పెట్టాను. "గామె ఏం జేస్తుంటది?" "ఎదురు చూస్తుంటది అమ్మా." "ఎదురు జూసుడు ఒక పనా?" అంది అమ్మ. గొంతు కొంచెం పెరిగింది. "గామెకు పనులుండయా? పొద్దుగాల లేస్తది, ఊడుస్తది, నీళ్ళు దెస్తది, పనికి వోతది, వస్తది, వండుతది. అన్ని చేస్తనే ఉంటది. చేస్తనే ఉంటది గని..." అంది. పొయ్యిలోని పత్తికట్టెను లోపలికి తోసింది. కాసేపటికి మెల్లగా, "గా రాజ్యమొద్దు, ఏనుగొద్దు. పిట్టల గొంతులు దొరకకపోయినా మానె. ఉత్త చేతులతోనన్న రానియ్యి," అంది. అవ్వ ఊరుకోలేదు. "మరి పిట్టలెట్ల కూయాలె?" అని ఎదురడిగింది. అత్తాకోడళ్ళిద్దరూ దాని మీద అన్నాలు చల్లారేదాకా వాదించుకున్నారు. కథ ఎటూ తేలకుండానే ఆ పూట పడుకున్నాం.

మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ మంద గంటలు వినిపించాయి. అవ్వ కర్ర లేకుండానే వాకిట్లోకి పోయింది. నాయిన బురదలో మునిగి లేచినట్టున్నాడు. గొంగడి మూటలోంచి రెండు గొర్రెపిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. ఆ రోజు అమ్మ చేనికి పోలేదు, ఎందుకు పోలేదో నాకు తెలియదు. బిందెతో నీళ్ళు తెచ్చి అతని కాళ్ళ మీద తనే పోసింది. బిందె ఖాళీ అయ్యాక కూడా వంచే పట్టుకుంది.

పోయినేడు నేను మొదటిసారి అడవికి పోయాను. అచ్చంపేట దాటి, జీపులో, పదిమంది సందర్శకులతో. ఎండాకాలం. చెట్లకు ఆకు లేదు. ఎటు చూసినా ఎండ, తెల్లని కొమ్మలు, మధ్యలోంచి నీలి ఆకాశం. పక్కనున్నవాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నేను నోరు తెరిచి చూస్తూ కూర్చున్నాను. నా నవలల్లోని చీకటి అక్కడ ఎక్కడా లేదు. ఇక మా ఊళ్ళో అప్పటి చీకటీ లేదు. పాత బావిని పూడ్చేశారు. గుట్టను సగం పగలగొట్టి కంకర చేశారు, బండల సందు ఎక్కడుండేదో చూపించలేను. ఇంట్లోకే నల్లా వచ్చింది. అమ్మ నీళ్ళకు పోదు, అది మాత్రం నిజంగా మేలు. మంద అమ్మేశాం. నాయినకు మోకాళ్ళ నొప్పులు. ఎటు పోయినా ఫోన్ పలుకుతుంది, పలకకపోతే ఇంట్లో అందరం కంగారు పడతాం. నాకు నౌకరి రాలేదు. నా నవలలు ఇప్పుడు జనం ఫోన్లోనే చదువుతారు, పట్టపగలు, బస్సుల్లో, ఆఫీసుల్లో. చివర్లో ఎవరూ గెలవరేమిటని, మీ వీరులు ఊరికే ఇంటికి వచ్చేస్తారేమిటని విసుక్కుంటూ రాస్తారు. ఆ విసుగు న్యాయమే, మార్చడానికి ప్రయత్నించాను, చేతకాలేదు. ఆఖరి పేజీ చింపకుండా దొరికే ఈ కాలం పిల్లల్ని చూస్తే సంతోషమే. వాళ్ళతో పాటు ఊఁ కొట్టడానికి పక్కన ఎవరున్నారా అని మాత్రం ఆరా తీయాలనిపిస్తుంది.

నాయిన వచ్చిన ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. దీపం పెట్టాక అన్నానికి కూర్చున్నాడు. అవ్వ ఎదురుగా కూర్చుని, తన కాపురం మొత్తంలో అడగని మాట అడిగేసింది. "ఏమైందిరా ఆడ?" నాయిన ఎప్పటిలా దాటేస్తాడనుకున్నాం. ఆ రోజు దాటేయలేదు. "ఎండకాలం అడవంటే ఉత్త కట్టెలేనే అమ్మా. ఆకుండది. ఈ కొసకు నిలబడితే ఆ కొసకున్న మంద కనవడ్తది. గట్లనే గుర్తులు వెట్టుకొని పోయిన. వాగుల నీళ్ళు గుంజేదాక ఆగితి గదా, గా కొన్ని దినాలల్లనే ఆకు మొత్తం చిగురేసింది. నేను పోయిన అడవి లేదు. అంత చీకటైంది. దారి తప్పిన." అవ్వ ముందుకు వంగింది. "పగలా, రాత్రా?" "పగలే. రాత్రి గొర్లను వట్టుకొని ఎవడు నడుస్తడే?" అవ్వ నా వైపు చూసింది. నేను దూలాల వైపు చూశాను. ఒక చెంచు మనిషి ఎదురుపడి వాగు దాకా దారి పట్టించాడని నాయిన చెప్పాడు. అతను వచ్చేదాకా నాయిన గొర్రెపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఒక బండ మీద కూర్చున్నాడట.

"భయమైందా నాయినా?" అని నేను అడిగాను. నాయిన రొట్టె ముక్కను పచ్చిపులుసులో అద్ది, కాసేపు పట్టుకున్నాడు. "అయింది," అన్నాడు. "అయినప్పుడల్ల ఇల్లు యాదికి దెచ్చుకున్న. ఇప్పుడు అవ్వ గోడ నీడకు కూసోని కదురు తిప్పుతుంటది. ఇప్పుడు మీ అమ్మ చేన్లకెల్లి వచ్చి నిమ్మలంగ రొట్టెలు జేస్తుంటది, నేను రెండు దినాలు ఆలిశమైతె ఆమెకేం ఫికర్ ఉండది. నువ్వు పరీక్షకు తయారైతుంటవు. గట్ల అన్ని ఒక్కొక్కటి తల్సుకున్న. ఈడ అందరు మంచిగున్నరు గదా అనుకుంటే, గుండె కుదురువడ్డది." ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అవ్వ కదురు ఎన్ని రోజులుగా మూలకు పడి ఉందో. నా గైడు బియ్యం డబ్బా కింద ఎత్తుకు పెట్టి ఉంది. ఆఖరికి అవ్వ నోరు తెరవబోయింది. అమ్మ గబుక్కున ఇంకో రొట్టె తీసి నాయిన పళ్ళెంలో వేసింది.

"నువ్వనుకున్నట్టే ఉన్నం," అంది. "తిను."